మాట చెప్పాం సరే, చేరిందా?

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో శిక్షణ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం "పనిచేసే చోట సమర్థవంతంగా మాట్లాడటం". ఇది కంపెనీల్లో ఉద్యోగాలు చేసేవాళ్ళకి చెప్పే పాఠం కదా, మనకెందుకు అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. నేనలా అనుకోవడం లేదు. ఆఫీసంటే బల్లా కుర్చీ కాదు. ఒకరి మాట నమ్మి ఇంకొకరు పని చేయాల్సి వచ్చే ప్రతి చోటూ ఆఫీసే. వివోఏ చెప్పిన తేదీ నమ్మి లీడరు డబ్బు వసూలు చేస్తుంది. లీడరు చెప్పిన లెక్క నమ్మి వివోఏ పుస్తకం రాస్తుంది. ఆ పుస్తకం నమ్మి బ్యాంకు అప్పిస్తుంది. మధ్యలో ఎక్కడో ఒక్క మాట జారిపోతే దాని ఖరీదు కట్టేది ఏపీఎం గారు కాదు, నేను కాదు. ఆ చివర జంపఖానా అంచున కూర్చున్న సభ్యురాలు.

మనకి మాట్లాడటం రాదని మాత్రం ఎవరూ అనలేరు. నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1990ల మొదట్లో అక్కడ రాత్రిపూట అక్షరాస్యత తరగతులకి వచ్చిన ఆడవాళ్ళు, తాగుడు వల్ల చెడిపోయిన ఇంటి పాఠం వాచకంలో చదివి, ఇది మన ఇంటి సంగతే కదా అని మాట్లాడుకున్నారు. మాట్లాడుకుని ఊరుకోలేదు, ఊళ్ళో సారా కొట్టు మూయించారు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే ఆ జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. ఇవాళ మనం కూర్చున్న ఈ చెట్టుకి ఒక వేరు అక్కడుంది.

ఆ అక్కలు అడిగింది ఏమిటి? మా ఊళ్ళో సారా అమ్మకూడదు. అంతే. ఏం జరగాలో అందులో ఉంది, ఎక్కడ జరగాలో ఉంది. జరిగిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కొట్టు ముందు నిలబడి చూస్తే చాలు. అప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న వాళ్ళు అంత తేటగా అడిగారు. వాళ్ళ కూతుళ్ళు, మనవరాళ్ళ వయసు వాళ్ళం, డిగ్రీలు చదివినవాళ్ళం, మనం వాట్సాప్‌లో పెడుతున్న మెసేజీలు ఎలా ఉంటున్నాయో చూద్దాం.

"అందరూ రేపటిలోగా పేమెంట్లు క్లియర్ చేయాలి. అర్జెంట్." ఇలాంటిది ఎవరి ఫోన్‌లో లేదో చేతులెత్తండి. (నవ్వులు) ఒక్క చెయ్యీ లేవలేదు.

ఇందులో "అందరూ" అంటే ఎవరు? బకాయి ఉన్న సంఘాలా, లేనివి కూడానా? "పేమెంట్లు" అంటే ఏవి? ఒక సంఘానికి ఒకే నెలలో పొదుపు ఉంటుంది, లోపలి అప్పు కంతు ఉంటుంది, బ్యాంకు లింకేజీ కంతు ఉంటుంది, స్త్రీనిధి కంతు ఉంటుంది. చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోయినప్పుడు ఏది కట్టాలో ఆ మెసేజీ చెప్పదు. ఇక "రేపు" సంగతి. సీసీ గారు సోమవారం సాయంత్రం పెట్టారు. వివోఏ పని ముగించుకుని మంగళవారం పొద్దున తన ఊరి గ్రూపులోకి పంపింది. లీడరు అది చూసింది మంగళవారం. ఆమె లెక్కలో రేపంటే బుధవారం. బుధవారం డబ్బు కడితే, "నిన్నటికే కట్టమన్నాం కదా" అని ఫోన్. ఎవరిది తప్పు? అందరూ చెప్పినట్టే చేశారు.

అదే మాటని ఇలా రాస్తే ఎంత పడుతుంది? "బ్యాంకు లింకేజీ అప్పు ఉన్న సంఘాలకి మాత్రమే. ఈ నెల కంతు 28వ తేదీ, గురువారం మధ్యాహ్నం 2 గంటల్లోగా సంఘం లోన్ ఖాతాలో కట్టాలి. రసీదు ఫొటో అదే రోజు వివోఏకి పంపాలి. కట్టలేని సంఘం 26లోగా నాకు ఫోన్ చేయాలి." నాలుగే వాక్యాలు. ఎన్ని చేతులు మారినా 28 అనేది 28గానే ఉంటుంది. ఆ చివరి వాక్యం చూడండి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం అదే. కట్టలేనివాళ్ళు కూడా మాట్లాడొచ్చని అది చెబుతోంది. దాని గురించి మళ్ళీ వస్తాను.

ఇక మెసేజీ కింద బొటనవేళ్ళు. నలభై మంది ఉన్న గ్రూపులో ముప్పై ఐదు బొటనవేళ్ళు. మన సంఘాల్లో వేలిముద్రకి ఒక విలువ ఉంది. వేలిముద్ర పడిందంటే తీర్మానానికి ఒప్పుకున్నట్టు. ఎన్నో ఏళ్ళు కష్టపడి వేలిముద్ర నుంచి సంతకానికి వచ్చాం, ఇప్పుడు ఫోన్‌లో మళ్ళీ వేలు పెడుతున్నాం. (నవ్వులు) ఫోన్‌లో వేలు చూశాను అని చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. ఒక్కోసారి అది కూడా చెప్పదు, ఎనిమిదో తరగతి చదివే పిల్లాడు పెట్టి ఉంటాడు. కాబట్టి డబ్బు, తేదీ, సంతకం ఉన్న విషయమైతే వేలు చూసి లెక్క రాసుకోకండి. ఫోన్ చేసి వాళ్ళ నోటితో చెప్పించుకోండి.

చెప్పించుకోవడం అంటే "అర్థమైందా?" అని అడగడం కాదు. ఆ ప్రశ్నకి మన ఊళ్ళల్లో ఒకటే జవాబు: "ఆఁ". అర్థం కాలేదంటే చిన్నతనం అనుకుంటాం. అందుకని "ఇంటికెళ్ళాక మీ సంఘం వాళ్ళకి ఏమని చెప్తారక్కా?" అని అడగండి. ఆమె "28కి లింకేజీ కంతు, రెండు గంటల్లోపల" అంటే మాట చేరింది. "ఏదో కట్టమన్నారు" అంటే ఇంకా చేరలేదు. తేడా అక్కడే తెలిసిపోతుంది, నెల తిరిగాక కాదు.

ఇప్పుడు కట్టలేనివాళ్ళ సంగతి. పదిమంది సభ్యులు, తలా 2,500, నెలకి 25,000 కంతు అనుకుందాం. ఒకామె ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చింది, ఆ నెల ఇవ్వలేకపోయింది. లీడరు 22,500 కట్టి వచ్చింది. సీసీ గారు ఫోన్ చేసి "కట్టారా?" అంటే వివోఏ "కట్టేశారు మేడం" అంటుంది. అది అబద్ధమా? కాదు. నిజమా? అదీ కాదు. ఆ "కట్టేశారు"లో 2,500 దాక్కుని ఉంది. నాలుగు నెలలు అలాగే నడిస్తే పదివేలు, దాని మీద వడ్డీ. ఈలోగా ఇంకొకామె "ఆమె కట్టకపోయినా ఎవరూ అడగలేదుగా" అని ఆగిపోతుంది. అప్పుడు అడిగితే అది ఒకరి కష్టంగా మిగలదు, పదిమంది తగువు అవుతుంది.

అప్పు ఒక సభ్యురాలి పేరు మీద లేదు, సంఘం పేరు మీద ఉంది. కంతు గడువు దాటి బాకీ 90 రోజులకి మించి నిలిచిపోతే బ్యాంకు ఆ ఖాతాని ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ కింద రాసుకుంటుంది. సకాలంలో కట్టిన తొమ్మిది మందికి కూడా కొత్త అప్పు దగ్గర అది అడ్డం వస్తుంది. సున్నా వడ్డీ లాంటి రాయితీలు కూడా గడువులో కట్టిన సంఘాలకే. మొదటి నెలలోనే "22,500 కట్టారు, 2,500 తగ్గింది, ఫలానా ఇంట్లో ఆసుపత్రి ఖర్చు" అని చెప్పి ఉంటే? సంఘం పొదుపు లోంచి అంతర్గత అప్పు ఇచ్చి సర్దొచ్చు. గ్రామ సంఘంలో పెట్టి మాట్లాడొచ్చు. మొదటి నెలలో ఇన్ని దారులున్నాయి, ఆరో నెలలో ఒక్కటీ ఉండదు.

మరి ఎందుకు చెప్పరు? ఇది సీసీలు, ఏపీఎం గారు ఉన్నారని మొహమాటపడకుండా చెప్పాల్సిన మాట. చెబితే తిడతారు కాబట్టి చెప్పరు. నెలవారీ సమీక్షలో అందరి ముందూ "మీ గ్రామ సంఘమే వెనకబడింది, ఏం చేస్తున్నావు" అని ఒక వివోఏని నిలబెట్టి అంటే, ఆమె ఒక్కతే కాదు, వింటున్న ఇరవై మందీ ఒక పాఠం నేర్చుకుంటారు. వచ్చే నెల నుంచి అన్నీ "కట్టేశారు మేడం"లే వస్తాయి. పైవాళ్ళకి కాగితం మీద వంద శాతం కనిపిస్తుంది. చెడ్డ వార్త ముందుగా తెచ్చినవాళ్ళకి కుర్చీ వేయండి, మంచినీళ్ళివ్వండి. ముందు "ఎంత? ఎప్పటి నుంచి? ఏం చేద్దాం?" అని అడగండి. తిట్టాల్సిందేమైనా ఉంటే ఆ తర్వాత, పక్కకి పిలిచి. పైవాళ్ళ ఒత్తిడి సీసీల మీద కూడా ఉంటుందని నాకు తెలుసు. ఆ ఒత్తిడిని అలాగే కిందికి తోసేస్తే మాత్రం పని జరగదు.

వివోఏలకి ఇంకో ఇబ్బంది ఉంది, అది శిక్షణ పుస్తకాల్లో ఎక్కడా రాయరు. ఆమె ఆ ఊరి కోడలు. బాకీ ఉన్నావిడ ఆమెకి పెద్దత్త వరస. కంతు అడిగితే "నిన్నకాక మొన్న కాపురానికొచ్చి నన్నే అడుగుతావా" అంటుంది. ఇలాంటి చోట బాకీ సంగతి ఇంటికెళ్ళి అడక్కండి, వీధి కుళాయి దగ్గర అసలే అడక్కండి. సమావేశంలో, పుస్తకం తెరిచి, అందరి లెక్కా వరసగా చదవండి. మీది కూడా చదవండి. "అత్తయ్యా, మీ పేరు మీద పుస్తకంలో 5,000 నిలిచి ఉంది, ఎప్పుడు రాసుకోమంటారు?" అంటే అడిగేది కోడలు కాదు, పుస్తకం. వరస వరసగానే ఉంటుంది.

వరసలంటే గుర్తొచ్చింది. చాలా సంఘాల్లో గమనిస్తున్నాను, కొందరిని "మీరు" అంటాం, కొందరిని, వయసులో పెద్దవాళ్ళయినా సరే, "నువ్వు" అంటాం. ఎవరిని ఏమంటున్నామో మీరే ఒకసారి చెవిపెట్టి వినండి. వయసుని బట్టి కాదు, కులాన్ని బట్టి, ఇంటిని బట్టి మారుతోంది. "నువ్వు" అనిపించుకున్న ఆమె ఆ సమావేశంలో నోరు విప్పదు. విప్పనివాళ్ళ దగ్గరే చాలాసార్లు అసలు సంగతి ఉంటుంది. సంఘంలో కూర్చున్నంతసేపైనా అందరూ "మీరే" అని తీర్మానం చేసుకుంటే బాగుంటుందని నా అభిప్రాయం. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఇంగ్లీషు మాటల గురించి కొంచెం. మన లెక్కల్లో రెండు మాటలు ఎప్పుడూ కలిసిపోతుంటాయి, అవుట్‌స్టాండింగ్, ఓవర్‌డ్యూ. ఒక సంఘం ఆరు లక్షలు తీసుకుంది, క్రమంగా కడుతూ వచ్చింది, ఇంకా కట్టాల్సింది 3,80,000 ఉంది. అది అవుట్‌స్టాండింగ్. ఒక్క కంతు కూడా తప్పలేదు కాబట్టి ఓవర్‌డ్యూ సున్నా. కానీ షీటులో చూసి "మీ సంఘానికి 3,80,000 ఉంది" అని గబగబా చదివేస్తే? "మేం నెలనెలా కడుతున్నాం కదా, ఇంత ఎలా నిలిచింది, లీడరు తినేసిందా?" అని గొడవ. అప్పటిదాకా శుభ్రంగా కట్టినవాళ్ళు లెక్క తేలేదాకా కట్టం అంటారు. ఒకటేమో "ఇంకా కట్టాల్సిన అప్పు", రెండోది "గడువు దాటిన బాకీ". తెలుగులో చెబితే ఇంత కొట్లాట లేదు. సీసీ అంటే మనకి మేడం, బ్యాంకులో సీసీ అంటే క్యాష్ క్రెడిట్. "సీసీ లిమిట్ పెంచారు" అంటే కొత్తగా చేరిన సభ్యురాలు ఏమనుకోవాలి? (నవ్వులు) ఇంగ్లీషు మాట వాడొద్దనడం లేదు. వాడిన మొదటిసారి దాని అర్థం కూడా చెప్పి వాడండి.

బ్యాంకుకి వెళ్ళినప్పుడు మన మాట ఎందుకో చిన్నదైపోతుంది. "సార్, అదీ... మా సంఘం లోను..." అని మొదలుపెట్టి ఊరి సంగతంతా చెబుతాం, అసలు అడగాల్సింది చివర్లో వస్తుంది. ఆలోగా ఆయన కంప్యూటర్ వైపు తిరిగిపోతారు. ముందే అడగండి. "సార్, ఫలానా సంఘం, ఖాతా నంబరు ఇది. పాత అప్పు తీరిపోయింది. కొత్త లింకేజీకి కాగితాలు 5వ తేదీన ఇచ్చాం. ఏ దశలో ఉంది? ఇంకేమైనా కాగితం కావాలా? ఎప్పుడు రమ్మంటారు?" తీర్మానం నకలు, పాస్‌బుక్ చేతిలో ఉండాలి. ఆయన చెప్పిన తేదీ ఆయన ముందే పుస్తకంలో రాసుకోండి. రాసుకుంటున్నారని చూస్తే చెప్పే మాట కూడా కొంచెం జాగ్రత్తగా వస్తుంది.

కొన్ని బ్రాంచీల్లో మేనేజర్లకి తెలుగు రాదు. వాళ్ళని చిన్నబుచ్చాల్సిన పని లేదు, మనం చిన్నబుచ్చుకోవాల్సిన పనీ లేదు. అంకెలకి భాష లేదు. ఖాతా నంబరు, అడుగుతున్న మొత్తం, ఇచ్చిన తేదీ ఒక కాగితం మీద పెద్దగా రాసి ముందు పెట్టండి. బ్రాంచిలో బ్యాంకు మిత్ర ఉంటే ఆమెని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె ఉన్నది అందుకే.

అక్కడ తెలిసి ఉండాల్సిన విషయం ఒకటి ఉంది, ఇది తెలియకపోతే ఎంత బాగా మాట్లాడినా లాభం లేదు. సంఘానికి పది లక్షల లోపు అప్పుకి బ్యాంకు హామీ ఆస్తి అడగకూడదు. మన పొదుపు ఖాతాలోని డబ్బు తీయనివ్వకుండా పట్టి ఉంచకూడదు. అప్పు మంజూరు చేసేటప్పుడు డిపాజిట్ పెట్టమని పట్టుబట్టకూడదు. ఇవి రిజర్వు బ్యాంకు ఆదేశాలు. ఎవరైనా "కొంత డిపాజిట్ చేయండి, అప్పుడు చూద్దాం" అంటే గట్టిగా అరవకండి, తలూపి కూడా రాకండి. "సార్, పది లక్షల లోపు సంఘం అప్పుకి డిపాజిట్ అడగకూడదని రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఉంది కదా. ఏ కారణంతో అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వండి, మా సమాఖ్యలో చూపించాలి" అనండి. ఈ మాట మర్యాదగా, కూర్చుని చెప్పాలి. రాసివ్వమన్న దగ్గరే చాలా వ్యవహారాలు తేలిపోతాయి. తేలకపోతే బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. నోటితో చేసిన ఫిర్యాదుకి తేదీ ఉండదు, అది గుర్తుపెట్టుకోండి.

ఇంకో రకం మాట కూడా చెప్పాలి, చెప్పకుండా పోతే ఈ విషయం సగమే అవుతుంది. పని పేరుతో రాత్రి పదింటికి ఫోన్ చేసి పనికి సంబంధం లేని మాటలు మాట్లాడేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. నవ్వి ఊరుకుంటే పోతుందిలే అనుకుంటాం. పోదు. "పని సంగతైతే రేపు పది గంటలకి ఆఫీసులో మాట్లాడదాం" అని ఒకే వాక్యం చెప్పి పెట్టేయండి. తేదీ, సమయం, అన్న మాటలు రాసిపెట్టుకోండి. మెసేజీలు తీసేయకండి. నమ్మకమున్న ఒక మనిషికి ఆ రోజే చెప్పండి. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ ఉన్న చోటుకి, ఇళ్ళల్లో పనిచేసే అక్కలకి కూడా జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. జరిగిన మూడు నెలల్లోగా రాసివ్వాలి. ఇది మీకోసం కాకపోయినా, బట్టల షాపులో, ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్తున్న మీ అమ్మాయిలకి చెప్పండి.

చివరిగా మినిట్స్ పుస్తకం. సమావేశం అయిపోయాక, అందరూ లేచి చెప్పులు వేసుకుంటుంటే సంతకాలు పెట్టించడం చూస్తున్నాను. తీర్మానం రాయగానే పైకి చదవండి. "అందరికీ సమ్మతమేనా?" అంటే అందరూ తలూపుతారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగండి, ముందు ఎప్పుడూ మాట్లాడని వాళ్ళని అడగండి. ఎవరైనా వద్దంటే అది కూడా రాయండి. పంచసూత్రాల్లో పుస్తకాలు సక్రమంగా రాయడం ఐదోది. చదివి వినిపించని పుస్తకం సక్రమంగా రాసినట్టు నేను లెక్కపెట్టను.

మెసేజీ ఎలా రాయాలో ఒక నమూనా, బ్యాంకుకి తీసుకెళ్ళాల్సిన కాగితాల వివరం ఒకటి, తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి తెచ్చాను. ఆ బల్ల మీద ఉన్నాయి. గ్రామ సంఘానికి రెండు చొప్పున తీసుకోండి, ఒకటి గోడకి అంటించండి, ఒకటి వివోఏ సంచిలో ఉండాలి. ఇందాక అధ్యక్షురాలు గారు వచ్చే నెల సమావేశం గురించి చెప్పారు. భోజనాలకి లేచే ముందు ఆ చివరి వరుసలో అక్కలు ఒకరు లేచి, ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏయే పుస్తకాలు తేవాలో మా అందరికీ చెప్పండి. మైకు అటు అందించండమ్మా.